పదహారు నుంచి పద్దెనిమిది దాకా: మైనర్ల డ్రైవింగ్ లైసెన్సు చట్టంలో ఉన్న చిక్కులు, రాబోయే మార్పులు

పదో తరగతి అయిపోయి ఇంటర్‌లో చేరగానే మన ఇళ్లలో ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. కాలేజీ దూరం, ట్యూషన్ ఇంకో దిక్కున, బస్సు సమయానికి రాదు, కాబట్టి బండి కొనివ్వాలా వద్దా అని. చాలా ఇళ్లలో కొత్త బండి కొనక్కర్లేకుండానే ఈ ప్రశ్న తేలిపోతుంది. నాన్న బండో అమ్మ స్కూటీయో పిల్లల చేతికి వచ్చేస్తుంది. చట్టం సంగతి అడిగితే ఒకరు ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్సు) తీసుకుంటే చాలంటారు, ఇంకొకరు గేర్లు లేని బండికి పదహారేళ్లు నిండితే సరిపోతుందంటారు, మరొకరు ఎలక్ట్రిక్ బండికి లైసెన్సే అక్కర్లేదంటారు. ఈ మూడింట్లోనూ కొంత నిజం ఉంది, మూడింట్లోనూ ప్రమాదకరమైన తప్పు ఉంది.

ఇప్పుడీ నిబంధనలను మార్చే ఆలోచన కేంద్రం దగ్గర ఉంది. మోటారు వాహనాల చట్టానికి కేంద్ర రోడ్డు రవాణా శాఖ సిద్ధం చేసిన సవరణల ముసాయిదా గురించి పత్రికల్లో వచ్చిన వివరాల ప్రకారం, 16 నుంచి 18 ఏళ్ల మధ్య వయసు వారు 50 సీసీ లోపు ఇంజన్ లేదా గరిష్ఠంగా 1,500 వాట్ల మోటారు ఉన్న ద్విచక్ర వాహనాలను నడపవచ్చు, అయితే ఆ వాహనాలు గంటకు 25 కిలోమీటర్ల వేగాన్ని మించకుండా తయారైనవై ఉండాలి. ముసాయిదా చట్టం కావాలంటే పార్లమెంటు ఆమోదించాలి. ఈ మార్పు దేన్ని సడలిస్తుందో, దేన్ని బిగిస్తుందో, దేన్ని అసలు ముట్టుకోకుండా వదిలేస్తుందో తెలియాలంటే ముందు ఇప్పుడున్న చట్టాన్ని సరిగ్గా చదవాలి.

పేరుకు మిగిలిన మినహాయింపు

1988 నాటి మోటారు వాహనాల చట్టం 4వ సెక్షన్ ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనివారు బహిరంగ ప్రదేశంలో మోటారు వాహనం నడపకూడదు. దీనికి ఒకే ఒక్క మినహాయింపు ఉంది. ఇంజన్ సామర్థ్యం 50 సీసీ దాటని మోటార్‌సైకిల్‌ను పదహారేళ్లు నిండినవారు, లైసెన్సు తీసుకుని, నడపవచ్చు. ఈ 50 సీసీ పరిమితి 1994 సవరణతో వచ్చింది. అయితే లెర్నర్ లైసెన్సు గురించి చెప్పే 7వ సెక్షన్ మాత్రం ఇప్పటికీ గేర్లు లేని మోటార్‌సైకిల్ అనే మాటనే వాడుతుంది. పద్దెనిమిది నిండనివారికి అలాంటి బండికి లెర్నర్ లైసెన్సు ఇవ్వాలంటే వారి సంరక్షకులు లిఖితపూర్వకంగా అంగీకరించాలని అది చెబుతుంది. గేర్లు లేని బండికి పదహారు చాలన్న నమ్మకం జనంలో ఇంత బలంగా పాతుకుపోవడానికి ఈ పాత మాట కూడా ఒక కారణమని నా అభిప్రాయం. బండికి గేర్లు ఉన్నాయా లేవా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు, ఇంజన్ ఎన్ని సీసీలన్నదే ప్రశ్న.

చట్టం రాసిన రోజుల్లో ఈ మినహాయింపుకు అర్థం ఉండేది. లూనాలు, టీవీఎస్ 50లు ఊరూరా తిరిగే కాలమది. ఇవాళ షోరూముల్లో 50 సీసీ పెట్రోలు బండి కోసం వెతికితే దొరకదు. మోపెడ్ అని మనం పిలిచే టీవీఎస్ ఎక్స్‌ఎల్ కూడా 100 సీసీకి చేరింది. పిల్లలు నడిపే స్కూటర్లలో అత్యధికం 110 నుంచి 125 సీసీవి. అందువల్ల పదహారేళ్ల పిల్లలకు ఇచ్చే లైసెన్సు కాగితం మీద చెల్లుతుంది కానీ దానితో చట్టబద్ధంగా నడపడానికి బజారులో బండి లేదు.

అసలు ఉచ్చు ఇక్కడే ఉంది. తల్లిదండ్రులు అంగీకార పత్రం మీద సంతకం చేస్తారు, ఆర్టీఏ ఆఫీసు నుంచి పిల్లవాడికి 50 సీసీ తరగతి కింద ఎల్‌ఎల్‌ఆర్ వస్తుంది, దాన్ని జేబులో పెట్టుకుని అతను 110 సీసీ స్కూటర్ మీద కాలేజీకి వెళ్తాడు. చేతిలో కాగితం ఉంది కాబట్టి అంతా సక్రమంగానే ఉందని ఇంట్లో అందరూ నమ్ముతారు. చట్టం దృష్టిలో మాత్రం ఆ బండికి సంబంధించినంతవరకు అతనికి లైసెన్సు లేదు.

తల్లిదండ్రుల మీద మోపిన భారం

2019లో పార్లమెంటు ఆమోదించి అదే ఏడాది సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ చట్టం 199ఏ అనే కొత్త సెక్షన్‌ను చేర్చింది. మైనర్ల డ్రైవింగ్ విషయంలో దేశంలో ఉన్న కఠినమైన నిబంధన ఇదే. మైనర్ ఈ చట్టం కింద నేరం చేస్తే, అతని సంరక్షకులను గానీ వాహన యజమానిని గానీ దోషిగా పరిగణిస్తారు. మూడేళ్ల వరకు జైలు శిక్ష, 25,000 రూపాయల జరిమానా ఉంటాయి. వాహనం రిజిస్ట్రేషన్ పన్నెండు నెలలపాటు రద్దవుతుంది. నేరం చేసిన మైనర్‌కు ఇరవై ఐదేళ్లు నిండేదాకా లెర్నర్ లైసెన్సు కూడా ఇవ్వరు.

ఈ సెక్షన్‌లో అన్నిటికంటే బరువైన అంశం శిక్ష పరిమాణం కాదు, రుజువు చేసే బాధ్యత ఎవరిదన్నది. సాధారణంగా నేరాన్ని నిరూపించాల్సింది ప్రాసిక్యూషన్. ఇక్కడ మాత్రం పిల్లవాడు బండి తీయడానికి పెద్దలు ఒప్పుకున్నారనే కోర్టు ముందుగా భావిస్తుంది. తమకు తెలియకుండా జరిగిందని, లేదా అలా జరగకుండా తగినంత జాగ్రత్త తీసుకున్నామని పెద్దలే నిరూపించుకోవాలి. తాళం గోడకు తగిలించి ఉంటే వాడే తీసుకుపోయాడన్న సమాధానం ఈ పరీక్షకు నిలవడం కష్టం.

ఒక మినహాయింపు ఉంది. పిల్లవాడికి లెర్నర్ లైసెన్సు లేదా పక్కా లైసెన్సు ఉండి, ఆ లైసెన్సు అనుమతించిన వాహనాన్నే నడుపుతుంటే సంరక్షకుల మీద ఈ సెక్షన్ వర్తించదు. పైన చెప్పిన ఎల్‌ఎల్‌ఆర్ కుటుంబానికి ఈ రక్షణ దొరకదు, ఎందుకంటే అతని కాగితం 50 సీసీకి, అతని బండి 110 సీసీకి చెందినవి. ఎల్‌ఎల్‌ఆర్ ఉంది కదా అని నిశ్చింతగా ఉన్న తల్లిదండ్రులు ఈ ఒక్క వాక్యాన్ని చదివితే చాలు.

2024 మే నెలాఖరులో, జూన్ 1 నుంచి కొత్త నిబంధనలు వస్తున్నాయని, మైనర్లు బండి నడిపితే 25,000 జరిమానా వేస్తారని వాట్సాప్‌లోనూ వార్తల్లోనూ పెద్ద ప్రచారం జరిగింది. ఆ జరిమానా అప్పటికే దాదాపు అయిదేళ్లుగా చట్టంలో ఉంది. డ్రైవింగ్ శిక్షణ కేంద్రాలకు సంబంధించిన నిబంధనల్లో జూన్ 1 నుంచి మార్పేమీ లేదని కేంద్ర రవాణా శాఖ వివరణ ఇవ్వాల్సి వచ్చింది. అయిదేళ్ల నాటి నిబంధన కొత్త వార్తగా చెలామణీ అయిందంటే, అది ఎంత తక్కువగా అమలైందో ఊహించుకోవచ్చు.

అమలు పలచగా ఉండడానికి చట్టంలోనే ఒక కారణం కనిపిస్తుంది. లైసెన్సు లేకుండా నడపడానికి 181వ సెక్షన్, అర్హత లేనివారికి బండి ఇచ్చినందుకు 180వ సెక్షన్ ఉన్నాయి. రెండింటికీ జరిమానా 5,000 రూపాయలు. ఇవి రాజీకి వీలున్న నేరాలు, అంటే కోర్టుకు వెళ్లకుండా చలానా కట్టించుకుని కేసు ముగించవచ్చు. 199ఏ ఆ జాబితాలో లేదు. దాని కింద కేసు పెడితే కోర్టుకు ఛార్జిషీటు వెళ్లాలి, విచారణ జరగాలి. రోజంతా కూడలిలో నిలబడే ట్రాఫిక్ పోలీసు ముందు ఈ రెండు దారులు ఉన్నప్పుడు సులువైన దారివైపు మొగ్గు ఉండడం సహజం. ఫలితంగా కఠినమైన సెక్షన్ ప్రాణం పోయినప్పుడే గుర్తుకొస్తుంది. హైదరాబాద్‌లో ట్రాఫిక్ పోలీసులు 2025 ఏప్రిల్‌లో మైనర్ల డ్రైవింగ్ మీద ప్రత్యేక తనిఖీలు చేపట్టి, రిజిస్ట్రేషన్ రద్దు, ఇరవై ఐదేళ్లదాకా లైసెన్సు నిరాకరణ వంటి పర్యవసానాలను గట్టిగా గుర్తుచేశారు. ఇలాంటి తనిఖీలు ఏటా కాలేజీలు తెరిచే జూన్‌లో క్రమం తప్పకుండా జరగాలని నేను కోరుకుంటాను.

ప్రమాదం జరిగాక

2024 మే 19 తెల్లవారుజామున పుణెలోని కల్యాణీ నగర్‌లో పదిహేడేళ్ల బాలుడు నడుపుతున్న పోర్షే కారు ఢీకొని ఇద్దరు యువ ఇంజనీర్లు చనిపోయారు. కొన్ని గంటల్లోనే బాలనేరస్థుల న్యాయ మండలి అతనికి బెయిలిస్తూ రోడ్డు ప్రమాదాల గురించి 300 పదాల వ్యాసం రాయమనడం దేశమంతటా ఆగ్రహాన్ని రేపింది. తర్వాత అతన్ని పరిశీలన గృహానికి పంపారు, జూన్ 25న బాంబే హైకోర్టు ఆదేశంతో విడుదలయ్యాడు. అతన్ని పెద్దవాడిగా పరిగణించి విచారించాలన్న పోలీసుల వినతిని 2025 జులైలో మండలి తిరస్కరించింది.

జనం ఆగ్రహం న్యాయమైనదే. అయినా ఆ తిరస్కరణకు చట్టపరమైన ఆధారం ఉంది. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం 16 నుంచి 18 ఏళ్ల వారిని పెద్దవారిగా విచారించాలంటే వారు చేసినది ఘోరమైన నేరమై ఉండాలి, అంటే దానికి కనీస శిక్ష ఏడేళ్లో అంతకంటే ఎక్కువో ఉండాలి. గరిష్ఠ శిక్ష ఏడేళ్లు దాటినా కనీస శిక్షను చట్టం చెప్పకపోతే ఆ నేరం ఈ కోవలోకి రాదని 2020 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పు కూడా ఢిల్లీలో ఒక మైనర్ కారు నడిపి ఒక వ్యక్తి మరణానికి కారణమైన కేసులోనే వచ్చింది. నిర్లక్ష్యంతో మరణానికి కారణమవడానికి భారతీయ న్యాయ సంహితలో ఉన్న శిక్ష అయిదేళ్ల వరకే. హత్య కిందకు రాని ప్రాణహరణానికి ఎక్కువ శిక్ష ఉన్నా ఏడేళ్ల కనీస శిక్ష లేదు. కాబట్టి మైనర్ డ్రైవింగ్ వల్ల జరిగిన మరణాన్ని పెద్దల కోర్టుకు పంపడం ప్రస్తుత చట్టాల్లో దాదాపు అసాధ్యం. దీన్ని మార్చాలని అడిగేవారున్నారు. నేను వారితో ఏకీభవించను. పదిహేడేళ్ల వాడికి ఏడేళ్ల జైలు ఉంటుందన్న భయం బండి తాళం తీసుకునే క్షణంలో అతన్ని ఆపుతుందని నమ్మడానికి ఆధారం కనిపించదు. ఆ తాళాన్ని అందకుండా చేయగలిగినవాళ్లు ఇంట్లో ఉన్నారు, అందుకే 199ఏ వారివైపు చూస్తుంది.

ఇంకో పర్యవసానం గురించి ఇళ్లలో ఎవరూ మాట్లాడుకోరు. అది బీమా. లైసెన్సు లేనివారు నడిపిన బండి వల్ల మూడో వ్యక్తి చనిపోయినా గాయపడినా, బీమా కంపెనీ బాధితులకు పరిహారం చెల్లించి, ఆ మొత్తాన్ని వాహన యజమాని దగ్గర వసూలు చేసుకునేలా ఆదేశించే పద్ధతిని 2004లో సుప్రీంకోర్టు స్థిరపరిచింది. బాధిత కుటుంబానికి ఇది మేలు. యజమానికి మాత్రం, ప్రమాద పరిహారం లక్షల్లో ఉంటుంది కాబట్టి, ఇల్లో పొలమో అమ్ముకునే పరిస్థితి తెస్తుంది. 5,000 రూపాయల చలానాను లెక్కలోకి తీసుకుని ధైర్యం చేసే తండ్రి, ఈ వసూలు సంగతి తెలిస్తే అంత తేలిగ్గా తాళం ఇవ్వడు.

ముసాయిదా అసలు ఏం చేస్తుంది

ఇప్పుడు ప్రతిపాదన దగ్గరికి వద్దాం. పెట్రోలు బండ్ల విషయంలో ఇది సడలింపు కాదు, బిగింపు. ఇప్పటి 4వ సెక్షన్ 50 సీసీ అని మాత్రమే అంటుంది, వేగం గురించి మాట్లాడదు. ముసాయిదా దానికి 25 కిలోమీటర్ల గరిష్ఠ వేగాన్ని జోడిస్తుంది. బజారులో లేని బండికి కొత్త షరతు పెట్టడం వల్ల ఆచరణలో ఒరిగేది తక్కువ. అసలు మార్పు ఎలక్ట్రిక్ బండ్లలో ఉంది. ఎలక్ట్రిక్ మోటారుకు సీసీ ఉండదు, కాబట్టి పాత మినహాయింపు వాటికి ఎలా వర్తిస్తుందో సూటిగా చెప్పలేని స్థితి ఉంది. 16 నుంచి 18 ఏళ్ల వారికి ఎలక్ట్రిక్ స్కూటర్లను అనుమతించే ఆలోచనను కేంద్రం 2018లోనే బయటపెట్టింది. వాట్లలో, వేగంలో హద్దు గీయడం ద్వారా ముసాయిదా ఆ ఖాళీని పూరిస్తుంది. ఇది మంచి పనే.

కానీ ఆ పక్కనే పెద్ద తలుపు తెరిచి ఉంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం, మోటారు శక్తి 250 వాట్ల లోపు ఉండి, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉన్న బ్యాటరీ బండి, మరికొన్ని షరతులకు లోబడి, అసలు మోటారు వాహనం కిందకే రాదు. దానికి రిజిస్ట్రేషన్ లేదు, లైసెన్సు లేదు, కనీస వయసు లేదు. లైసెన్సు అక్కర్లేదన్న బోర్డులు ఎలక్ట్రిక్ బండ్ల దుకాణాల ముందు కనిపించేది దీనివల్లే. చట్టం కింద తప్పనిసరి మూడో వ్యక్తి బీమా కూడా మోటారు వాహనాలకే కాబట్టి, పద్నాలుగేళ్ల పిల్ల అలాంటి బండితో రోడ్డు దాటే ముసలాయనను ఢీకొంటే, ఆయన ఆసుపత్రి ఖర్చుకు నిలబడే బీమా కంపెనీ ఉండదు.

ముసాయిదా యథాతథంగా చట్టమైతే పదహారేళ్ల పిల్లల ముందు రెండు బండ్లుంటాయి. రెండూ గంటకు 25 కిలోమీటర్లే వెళ్తాయి. 250 వాట్ల బండికి ఏ కాగితమూ అక్కర్లేదు, 1,500 వాట్ల బండికి అంగీకార పత్రం, ఎల్‌ఎల్‌ఆర్, పరీక్ష, రిజిస్ట్రేషన్, బీమా కావాలి. వేగం ఒకటే అయినప్పుడు ఎంతమంది రెండోదాన్ని ఎంచుకుంటారు? పైగా 1,500 వాట్ల మోటారు సహజంగా 25 దగ్గర ఆగిపోయేది కాదు. దాన్ని సాఫ్ట్‌వేర్‌తో అదుపు చేయాలి, ఆ అదుపును తీసేయడం మెకానిక్‌కు కష్టమైన పని కాదు. బండి 25తో నమోదై 50తో పరుగెత్తుతుంటే దాన్ని పట్టుకునేదెవరు, శిక్ష తయారీదారుకా, మెకానిక్‌కా, తండ్రికా అన్నది చట్టంలో స్పష్టంగా ఉండాలి. వేగం రెట్టింపైతే ఢీకొన్నప్పుడు విడుదలయ్యే శక్తి నాలుగు రెట్లవుతుంది, కాబట్టి ఈ అంకె చుట్టూ ఉన్న పట్టుదల చాదస్తం కాదు.

దశలవారీగా ఇచ్చే లైసెన్సు

కొత్తగా బండి పట్టినవాళ్లకు ప్రమాదం ఎప్పుడు ఎక్కువన్నది చాలా దేశాల్లో అధ్యయనం చేసిన విషయం. ఒంటరిగా నడపడం మొదలుపెట్టిన తొలి నెలల్లో, రాత్రివేళ, అదే ఈడు స్నేహితులు పక్కన ఉన్నప్పుడు ముప్పు బాగా పెరుగుతుంది. దీని ఆధారంగా లైసెన్సును ఒక్కసారిగా కాకుండా దశలుగా ఇచ్చే విధానాన్ని న్యూజిలాండ్ 1987లో మొదలుపెట్టింది. అక్కడ రెండో దశలో ఉన్నవారు రాత్రి పది నుంచి ఉదయం అయిదు దాకా ఒంటరిగా నడపకూడదు. అమెరికాలో స్థిరపడిన మన కుటుంబాలకు ఇది బాగా తెలిసిన వ్యవహారమే. కాలిఫోర్నియాలో పదిహేనున్నర ఏళ్లకు పర్మిట్ వస్తుంది, కనీసం ఆరు నెలలు దాంతో నేర్చుకోవాలి, రాత్రివేళ పది గంటలతో కలిపి మొత్తం యాభై గంటలు పెద్దల పర్యవేక్షణలో నడపాలి. ఆ తర్వాత వచ్చే తాత్కాలిక లైసెన్సుతో మొదటి ఏడాది రాత్రి పదకొండు నుంచి ఉదయం అయిదు వరకు నడపకూడదు, పెద్దలు వెంట లేకుండా ఇరవై ఏళ్ల లోపువారిని ఎక్కించుకోకూడదు. న్యూజెర్సీలో ఇలాంటి కొత్త డ్రైవర్ల కార్ల నంబరు ప్లేట్ల మీద ఎర్ర గుర్తు అంటించాలి.

మన దగ్గర ఎల్‌ఎల్‌ఆర్ వచ్చిన ముప్పై రోజులకే పక్కా లైసెన్సు పరీక్షకు హాజరు కావచ్చు. ఆ ముప్పై రోజుల్లో ఎంతసేపు సాధన చేశారో రాసిపెట్టే పద్ధతి లేదు. పరీక్ష గట్టెక్కిన మర్నాటి నుంచి పద్దెనిమిదేళ్ల యువకుడికి, ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న డ్రైవర్‌కు మధ్య చట్టం ఏ తేడా చూపదు. నా దృష్టిలో అసలు లోపం ఇది. వయసు పదహారా, పద్దెనిమిదా అని ఎంత వాదించుకున్నా, ఏ అనుభవమూ లేని స్థితి నుంచి పూర్తి స్వేచ్ఛకు ఒక్క గంతులో చేర్చే పద్ధతి మారకపోతే, పదహారులో జరిగే ప్రమాదం పద్దెనిమిదికి వాయిదా పడుతుందంతే.

అయితే కార్ల కోసం తయారైన ఆ విధానాన్ని ఇక్కడికి ఉన్నదున్నట్టు తెచ్చుకోలేం. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోగా, వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారు. చనిపోయినవారిలో సుమారు తొమ్మిదిన్నర వేల మంది పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలు. కారులో పక్క సీటులో కూర్చుని బ్రేకు మీద కన్నేసి నేర్పినట్టు స్కూటర్ మీద వెనక కూర్చుని నేర్పలేం. లెర్నర్ దశలో శిక్షకుడిని తప్ప వెనక ఎవరినీ ఎక్కించుకోకూడదని మన నిబంధనల్లో ఇప్పటికే ఉంది, కానీ పక్కా లైసెన్సు రాగానే అది పోతుంది. ఆ నిషేధాన్ని మొదటి ఏడాదంతా పొడిగించడం, రాత్రి పది తర్వాత నడపడాన్ని ఆపడం, మొదటి దశలో ఉన్నవారి బండికి దూరం నుంచే కనిపించే గుర్తు పెట్టడం, సాధన కాలాన్ని ముప్పై రోజుల నుంచి ఆరు నెలలకు పెంచడం మన రోడ్లకు తగిన మార్పులు. వీటిలో ఏదీ ఖర్చుతో కూడినది కాదు. ముగ్గురు కూర్చున్న బండిని, ఆ గుర్తును చూసి పోలీసు ఆపడానికి ప్రత్యేక పరికరాలు అక్కర్లేదు.

ఇరవై ఐదేళ్లదాకా లైసెన్సు ఇవ్వకూడదన్న శిక్షను మాత్రం పునరాలోచించాలి. పదహారేళ్ల వయసులో ఒకసారి పట్టుబడినవాడు ఆ తర్వాత తొమ్మిదేళ్లు బండి ముట్టడని ఆశించడం వాస్తవానికి దూరం. డెలివరీ పనో సేల్స్ పనో చేయాల్సి వస్తే అతను లైసెన్సు లేకుండానే నడుపుతాడు, అప్పుడు బీమా రక్షణ లేని మరో డ్రైవర్ రోడ్డు మీదికి వస్తాడు. నిర్బంధ శిక్షణ, ఎక్కువ కాలం లెర్నర్ దశ, ఒక పద్ధతి ప్రకారం తిరిగి అర్హత సంపాదించుకునే దారి ఉంటే చట్టం పరిధిలోనే ఉంటాడు.

ఈ చర్చలో రవాణా శాఖ ఒంటరిగా చేయలేనిది కూడా ఉంది. పిల్లలు బండి అడిగేది సరదాకే అనుకోవడం అన్యాయం. మండల కేంద్రంలో జూనియర్ కాలేజీ, ఇంటికి పదిహేను కిలోమీటర్లు, సాయంత్రం స్టడీ అవర్ ముగిసేసరికి చివరి బస్సు వెళ్లిపోయి ఉంటే, ఆ తండ్రి ముందు ఉన్న దారులు తక్కువ. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం ఉండడంతో అమ్మాయిలకు ఛార్జీ భారం తగ్గింది, అయితే కాలేజీ వేళకు బస్సు లేకపోతే ఉచిత టిక్కెట్టుతో పని లేదు. ఇంటర్ కాలేజీలు మొదలయ్యే, వదిలే సమయాలను ఆర్టీసీ డిపోల రూట్లతో సరిపోల్చి చూసే పని జిల్లా స్థాయిలో రోడ్డు భద్రతా కమిటీలు చేయగలవు, వాటిలో రవాణా, పోలీసు, విద్యా శాఖలవారు కలిసి కూర్చుంటారు కూడా.

ముసాయిదా బిల్లుగా పార్లమెంటుకు వచ్చినప్పుడు గమనించాల్సినవి నాలుగున్నాయి. 250 వాట్ల బండ్లకు కనీస వయసు, హెల్మెట్, బీమా షరతులు పెడతారా. పదహారేళ్లవారు వెనక మరొకరిని ఎక్కించుకోవచ్చా. వేగ నియంత్రణను చెడగొట్టినందుకు శిక్ష ఎవరికి. 7వ సెక్షన్‌లోని గేర్లు లేని బండి అన్న పాత మాటను 4వ సెక్షన్‌తో పొసిగేలా మారుస్తారా. అప్పటిదాకా అమల్లో ఉండేది 1994 నాటి 50 సీసీ పరిమితి, 2019 నాటి 199ఏ. ఇవాళ పదహారేళ్ల పిల్లల చేతిలో ఉన్న 110 సీసీ స్కూటర్‌కు ఆ రెండింట్లో దేని కిందా అనుమతి లేదు.